పురుగులాయన పతకం

యుద్ధానికి ముందు ఆయన చంపినవన్నీ పురుగులే. చిన్న విమానంలో పొలాల మీద మందు చల్లేవాడు కాబట్టి అందరికీ పురుగులాయన అయ్యాడు. ఎక్కడ చల్లాలో చూపించడానికి భార్య తెల్లగుడ్డ పట్టుకుని గట్టు మీద నిలబడేది. ఆమె జరిగితే ఆయనా జరగాలి. గుడ్డను రెండు చేతులతో తలపైన ఊపితే, అన్నం వేళయింది దిగి రమ్మని గుర్తు. పదిహేనేళ్ళ కాపురంలో ఈ మనిషి నా మాట విన్నది ఆ పొలాల్లోనే అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

యుద్ధం రాగానే సైన్యంవాళ్ళు విమానాన్ని పట్టుకుపోయారు. నడిపేవాడు దొరక్క ఆయన్ని కూడా పట్టుకుపోయారు. ఉత్తరాలూ మందుల పెట్టెలూ మోసే పని ఇచ్చారు. తుపాకి ఇస్తామంటే వద్దన్నాడు, ఎక్కడ పేలుతుందోనని భయం.

ఇప్పుడు ఆయన హాల్లో గోడకు పతకం వేలాడుతోంది. పక్కన చట్రంలో ప్రశంసాపత్రం. శత్రువుల కాల్పులను లెక్కచేయక పొలంలో దిగి, గాయపడిన ఐదుగురిని కాపాడిన ధీరుడని అందులో రాసుంది. బళ్ళకు పిలిచి దండలేస్తారు. మొదట్లో సిగ్గుపడ్డాడు గానీ, ఏడాది తిరిగేసరికి కోతలు కోయడంలో చెయ్యి తిరిగింది. నాలుగు తుపాకులు పద్నాలుగయ్యాయి. అక్కడ ఇంకెవరైనా మిగిలారేమో, మళ్ళీ ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే ఇంజిను చెడిందనేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒకరోజు పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చింది. సైన్యంలో వంటవాడిగా పనిచేసి చనిపోయినవాడి తల్లి. కుర్చీ అంచున కూర్చుని, సంచీలోంచి ప్రభుత్వం పంపిన ఉత్తరం తీసింది. వంటపని వదిలేసి పొలాల్లోకి పారిపోతూ మరణించాడని అందులో ఉంది.

“మా వీధిలో నాతో ఎవరూ మాట్లాడట్లేదు బాబూ. మావాడు పోయింది నువ్వు దిగిన పొలంలోనేనట, వాణ్ణి చివర్లో చూసింది నువ్వే అయ్యుంటావు. వాడు నిజంగా పారిపోయాడా?”

పురుగులాయన గడ్డం సగంలో ఆగింది. నిజం చెబితే దండలు పోతాయి, పతకమూ పోవచ్చు. చెప్పకపోతే ఆవిడ కొడుకు పిరికివాడిగానే మిగిలిపోతాడు. నోరు మాత్రం అలవాటైన ఉపన్యాసమే ఎత్తుకుంది.

“ఆ రోజు పద్నాలుగు తుపాకులు...”

“ఏమండీ,” అంది భార్య గుమ్మంలోంచి.

ఆయన మొహం మీది నురగ తుడుచుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

“నాకసలు తుపాకులే కనపడలేదమ్మా. పొలం మధ్యలో ఎవరో తలపైన తెల్లగుడ్డ ఊపుతుంటే, పాత అలవాటుకొద్దీ దిగేశాను. మీవాడు నన్ను పట్టుకుని తిట్టాడు. ‘తుపాకులున్నాయి రావద్దని ఊపుతుంటే సరాసరి వచ్చి నెత్తిమీద దిగుతావేంటయ్యా, కళ్ళు కనపడవా?’ అన్నాడు.”

పెద్దావిడకు నవ్వొచ్చింది. “వాడి నోరే అది.”

“నడవలేని ఐదుగురిని వదిలేసి అందరూ వెనక్కి పోతే, మీవాడొక్కడే వాళ్ళ దగ్గర ఉండిపోయాడమ్మా. వాళ్ళెవరికీ స్పృహ లేదు. విమానంలో మందు తొట్టి తీసేసిన చోట అందరినీ కుక్కింది మీవాడే. ఆరో మనిషికి చోటు లేకపోయింది. మళ్ళీ వస్తానని మాటిచ్చాను. పైకి లేస్తుంటే అప్పుడు మొదలయ్యాయి కాల్పులు.”

“తర్వాత ఇంజిను చెడిందటగా?”

ఈసారి భార్య వంటింట్లోకి వెళ్ళలేదు.

“చెడలేదమ్మా. దిగాక రెక్కలో చిల్లులు చూసి భయపడ్డాను. మొదటిసారి తెలియక వెళ్ళాను. తెలిశాక వెళ్ళలేకపోయాను.”

ఆ మాట అనేసి, బళ్ళల్లో అన్ని ఉపన్యాసాలిచ్చిన ధీరుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

“అయితే మావాడు తెలిసే నిలబడ్డాడన్నమాట,” అంది పెద్దావిడ.

ఉత్తరం తిరగేసి, వెనకవైపు ఖాళీ చూపించింది.

“ఇక్కడ రాసివ్వు బాబూ. నీ భయం సంగతి రాస్తావో లేదో నీ ఇష్టం. మావాడిది మాత్రం వదలకు.”

ఆయన రెండూ రాసి సంతకం పెట్టాడు.