గుంజ చేసిన పని సున్నా

మా చిన్నప్పుడు... కళ్ళంలో కొర్ర కంకులు పరిచి ఉన్నాయి. వాటి మీద రాతి గుండు తిప్పాలి. ఎద్దులు లేవు... మేత దొరక్క ఆ ఎండాకాలమే సంతలో అమ్మేశాం. నాయన ఒక మోకు తన భుజానికి తగిలించుకున్నాడు, ఒకటి అమ్మకు, ఇంకొకటి నాకు. గుండు పక్కకు పోకుండా నడుమ పాతిన గుంజకు ఒక తాడు కట్టాడు. అంతే... గుంజ చుట్టూ మేమే ఎద్దులం.

కుందుర్పి పక్కన మా ఊళ్ళో ఇది వింతేం కాదు. దీన్ని మధుర జ్ఞాపకం అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. భుజం మీద తోలు ఊడడం మధురమా?

అదే వారం తొమ్మిదో తరగతిలో సైన్సు సారు లెక్క ఇచ్చారు. ఎద్దు గుండును లాగుతూ కళ్ళం చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది... చేసిన పని ఎంత? క్లాసంతా సున్నా అంది. బయలుదేరిన చోటే ఉంది కదా, జరిగిన దూరం లేదు, కాబట్టి పని లేదు... గైడులోనూ అదే ఉంది మరి.

నేను లేచి, కాదన్నాను. ఎందుకు కాదో చెప్పమన్నారు. నాకు సూత్రం రాలేదు.

"నేను లాగినా సార్."

క్లాసు పగలబడి నవ్వింది. సున్నా అని ఒప్పుకునేదాకా లోపలికి రావద్దన్నారు సారు.

వరండాలో నిలబడ్డాను. సంగతి ఇంటికి చేరింది. బడి ఆగిందంటే నన్నూ అక్కలాగే బెంగళూరు కూలికి పంపాల్సి వస్తుందని అమ్మ భయం. నా భుజానికి ఆముదం రాస్తూ, "సున్నా అంటే నీ నోట్లోని ముత్యాలు రాల్తాయా పాపా? అనేసి పోయి కూర్చో" అంది.

అనలేకపోయాను. నేను ఆ మాట అంటే... అమ్మ భుజం కూడా సున్నా అయిపోతుంది.

బడి వెనక ఒక పాత గుండు పడి ఉండేది. మర్నాడు ఇంటర్వెల్లో దానికి మోకులు కట్టి, గుంజకు బదులు జెండా కొయ్య చుట్టూ ఒక్క సుట్టు లాగి చూపించమన్నాను... నవ్విన మగపిల్లలనే. పౌరుషానికి వచ్చారు. సగం సుట్టుకే నాలుకలు బయటపడ్డాయి. ఎట్లాగో మొదలైన చోటికే తెచ్చి కూలబడ్డారు.

"పనేం జరగల్యా కదప్పా... మళ్ళెందుకట్ల రొప్పుతాండారు?" అన్నాను.

వాళ్ళలో ఓబులేసు అరచేతులు ఊదుకుంటూ, "సున్నా ఇంత బరువుంటాదని నాకేం తెల్సు మే" అన్నాడు.

సారు ఎప్పుడొచ్చారో... గుండు నేల మీద గీసిన గాడి వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నన్ను లోపలికి రమ్మన్నారు. బోర్డు మీద చక్రం గీశారు. తాడు గుంజ వైపుకు లాగుతుంది, గుండు ఆ వైపుకు ఒక్క అంగుళం కూడా పోదు... గుంజ చేసిన పని సున్నా. మనిషి లాగేది దారి వెంట, నేల అడ్డం పడేది దారి పొడుగునా. ఆ పని అడుగడుగునా కూడుతుంది, తిరిగి మొదటికి వచ్చినంత మాత్రాన చెరిగిపోదు... అన్నారు. తప్పయిందని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కొర్రలు తారు రోడ్డు మీద పరుస్తున్నారు, బస్సులు తొక్కుతాయి. గుండు కంపచెట్లలో పడి ఉంది. ఆ రోజులే బంగారం అని పోస్టులు పెట్టే మిత్రులారా... నాకా రోజులు తిరిగి వద్దు. గుండు పోయింది, మంచిదే. సున్నా మాత్రం పోలేదు! తోమిన గిన్నెనే మళ్ళీ తోమే ఆడమనిషికి, ఏటేటా అదే చేలో విత్తనం పోసి వానకోసం చూసే రైతుకి, ఏం పని చేశావని అదే సున్నా పెడుతున్నారు. నడుమ కదలకుండా నిలబడి అన్నీ తన వైపుకు లాక్కునేవాడికి దండలు వేస్తున్నారు.

నేనింకా ఆ వరండాలోనే ఉన్నాను... సున్నా అనను.

మీ ఇంట్లో మోకు తగిలించుకున్న భుజం ఎవరిదో, ఆ పేరు కింద రాయండి. మొదటి పేరు నేనే రాస్తున్నా... మా అమ్మ, నరసక్క.