సత్యానందం పేరు మీద మూడు చలాన్లు

నేను ముప్పై ఏళ్ళు బోధన్‌లో ఉత్తరాలు పంచినవాణ్ణి. నా పేరు ఆత్మారాం. కవరు అందుకునే మనిషి ముఖం చూసి లోపల పెళ్ళి కబురుందో కోర్టు కాగితముందో చెప్పేవాణ్ణి. పోలీసు చలాను అందుకొని సంతోషపడ్డ మనిషిని మాత్రం నా నౌకరీ మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన సత్యానందం, జీపు డ్రైవరు.

అది 2009. హైవే మీద డిచ్‌పల్లి దాటాక పోలీసులు కొత్తగా కెమెరా పెట్టారు. మూడు కాళ్ళ స్టాండు మీద చిన్న డబ్బా. బండి వేగం అదే కొలుస్తుంది, ఫోటో అదే తీస్తుంది. బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ఇంటికి ఫోటోతో సహా చలాను పోస్టులో వస్తుంది. పంచేది నేను. అందుకని బస్టాండు పక్కన జీపుల అడ్డా దగ్గర సైకిలు ఆపితే చాలు, ఆ కెమెరా నేనే పెట్టినట్టు డ్రైవర్లు నన్ను తిట్టేవారు.

"పోలీసాయన ఎదురువడితె కాళ్ళన్న పట్టుకోవచ్చు," అనేవాడు లింగం. "పిల్లలు గలోణ్ణి సారూ అని ఏడ్వొచ్చు. గా డబ్బ ముంగట ఏమని ఏడుస్తం?"

"ఎందుకు, దానికి మూడు కాళ్ళున్నయి గద. నీకు నచ్చిన కాలు పట్టుకో," అనేవాడు సిద్దిరాములు. అడ్డా మొత్తంలో కెమెరా పక్షం మాట్లాడేది ఆయన ఒక్కడే. "గది పెద్దోడు చిన్నోడు అని సూడది. సర్పంచ్ కారైనా, నీ డొక్కు జీపైనా ఒక్కతీర్గ ఫోటువ కొడ్తది. నాకైతె గదే నచ్చింది."

"నీ బండి నలభై దాటితె నట్లు ఊడుతయి. నీకు నచ్చకేం జేస్తది!" అనేవాడు లింగం.

ఎదురుగా వచ్చే బండికి లైటు కొట్టి, ముందు పోలీసులున్నారని చెప్పుకోవడం డ్రైవర్ల పాత మర్యాద. ఈ కెమెరా చెట్టు చాటున ఉండటంతో దాన్ని దాటివచ్చినవాడికే అది కనపడటం లేదు, ఇంకొకరికి ఏం చెబుతాడు? అదీ వాళ్ళ బాధ. నేను సైకిలువాణ్ణి, ఎదురుగాలి వస్తే దిగి నడిచేవాణ్ణి. నన్ను ఏ కెమెరా ఏం చేస్తుంది? టీ తాగుతూ నవ్వుకునేవాణ్ణి.

సత్యానందం ఈ మాటల్లో కలిసేవాడు కాదు. లక్ష్మీరాజం అనే ఆయన జీపుకు జీతం మీద డ్రైవరు. బోధన్ నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి బోధన్, రోజుకు నాలుగు ట్రిప్పులు. మెథడిస్టు చర్చి వెనక ఒక గది. పెళ్ళి లేదు. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం బట్టలుతుక్కోవడం. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో ఎనిమిదేళ్ళయినా చెయ్యి అలవాటు పడలేదని నాతో ఒకసారి అన్నాడు. రోజూ ఇద్దరికి వండేవాడు, మిగిలింది కుక్క తినేది.

ఆ రెండో మనిషి ఆయన తమ్ముడు ఏసుదానం. ఇద్దరికీ పద్నాలుగేళ్ళ తేడా. తల్లి కమలమ్మ పోయేనాటికి ఏసుదానం నాలుగో తరగతి. సత్యానందమే వండిపెట్టాడు, జ్వరమొస్తే భుజాన వేసుకొని తిరిగాడు. సంబంధాలు వస్తే "పోరడు ఒక ఒడ్డుకు చేరినంక సూద్దాం తియ్" అన్నాడు. అప్పట్లో సత్యానందానికి సొంత జీపుండేది. తమ్ముడికి పద్దెనిమిది నిండగానే తనే పక్కన కూర్చొని డ్రైవింగ్ నేర్పాడు. పోరడికి చెయ్యి బాగానే కుదిరింది, కానీ కాలు బరువు. తొక్కితే తీసేవాడు కాదు.

2001 చెరుకు సీజన్‌లో ఎడపల్లి దగ్గర ఏసుదానం పన్నెండు మందితో జోరుగా పోతూ చెరుకు బండిని తగిలించాడు. మనుషులకు ఏమీ కాలేదు. ఒక ఎద్దు కాలు విరిగింది. ఆ రైతు ఎద్దు మెడ పట్టుకొని రోడ్డు మీద కూర్చొని ఏడుస్తున్నాడు. కబురంది సత్యానందం పోయాడు. ఆ ఏడుపు చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, కాలి చెప్పు తీశాడు. జీపెక్కిన పన్నెండు మంది ముందర, ఆగిన బండ్లవాళ్ళందరి ముందర, పందొమ్మిదేళ్ళవాణ్ణి చెప్పుతో కొట్టాడు. చేత్తో కొడితే వాడు రెండు రోజులకు మరిచిపోయేవాడు. తెల్లారేసరికి జీపూ లేదు, తమ్ముడూ లేడు.

సత్యానందం పోలీసులకు చెప్పలేదు. చెబితే తమ్ముడు దొంగ అవుతాడని. ఆనాటి నుంచి ఒక ఫోను లేదు, ఒక కార్డు ముక్క లేదు. కార్డు వచ్చి ఉంటే నాకు తెలియకుండా పోతుందా?

అలాంటి ఇంటికి 2009లో ఒక కవరు వచ్చింది. చించి చూస్తే చలాను. అరవై మీద పోవాల్సిన దారిలో డెబ్బై నాలుగు మీద పోయిందట. కింద నలుపు తెలుపు ఫోటోలో తమ్ముడితో పోయిన ఆ జీపే, దాని నంబరే. అద్దం మీద ఎండ పడి డ్రైవరు ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. కిటికీలోంచి ఒక మోచెయ్యి మాత్రం బయటికి కనిపిస్తోంది.

"అన్నా, మావోడే," అన్నాడు సత్యానందం. "గీ మోచెయ్యి సూడు. లోపట వెట్టురా అని ఎన్నిమాట్ల చెప్పిన. బతికే ఉన్నడన్నా. బండి నడుపుకుంటున్నడు."

ఇక్కడి నుంచి ఆదిలాబాద్ దాకా మోచెయ్యి బయట పెట్టని జీపు డ్రైవరు ఎవడని నా నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను.

ఆ రోజే పోయి జరిమానా కట్టి వచ్చాడు. కట్టకపోతే ఎక్కడో తమ్ముడి బండి ఆపి పరేషాన్ చేస్తారని ఆయన భయం. మూడు వారాలకు రెండోది వచ్చింది, నెల తిరక్కుండా మూడోది. మూడూ కట్టాడు. చలాను కాగితాలు పెట్టెలో దాచాడు, ఫోటోలు కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాడు. అడ్డాలో ఈ సంగతి తెలిసి లింగం నెత్తి కొట్టుకున్నాడు. "ఎవడో మస్తీ జేస్తె నువ్వు కడ్తవా? బండి మీద నీ పేరు తీసెయ్యుండ్రని ఆర్టీఓ ఆఫీసుల కాయిదమన్న ఇయ్యరాదు!"

"పేరు మారిస్తె నాకు కాయిదాలు రావు గద," అన్నాడు సత్యానందం. అందరూ కెమెరాను తిడుతుంటే, "గది నాకైతె మంచే జేసింది" అన్నాడు.

మూడు చలాన్ల మీదా తేదీలు చూసి ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. మూడూ ఆదివారాలే. మూడూ పొద్దున పది ప్రాంతం.

"ఆదివారం ఆదివారం డిచ్‌పల్లి దాంక వస్తున్నడన్నా. ఈడికెంత దూరం? ఇంటికి మాత్రం రాడు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేకపోయాను. "నేనే పోత. చెప్పుతోటి కొట్టుడు తప్పని ఒక్కమాట చెప్పి వస్త. ఇంటికొస్తె మంచిదే, రాకున్న మంచిదే. నువ్వు జర తోడు రా."

ఆ ఆదివారం ఆయన చర్చి మానేశాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా మాత్రం వేసుకున్నాడు. రెండు బస్సులు మారి ఎనిమిదిన్నరకే కెమెరా దగ్గరికి చేరాం. అక్కడున్న కానిస్టేబుల్ మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"మా తమ్ముడస్తడు సార్, గందుకె నిలవడ్డం."

"అందరు ఈ జాగ దాటితె చాలనుకుంటరు. మీరేందే, ఎదురుసూస్తుండ్రు!" అని నవ్వి ఊరుకున్నాడు.

కెమెరా దాటి రెండు ఫర్లాంగుల దూరంలో నిలబడ్డాం. సత్యానందం పెదవులు కదులుతున్నాయి. చెప్పాల్సిన మాట పాఠంలాగా అనుకుంటున్నాడు. పది దాటాక ఆ జీపు వచ్చింది. నంబరు నాకింకా కనిపించక ముందే ఆయన చెయ్యెత్తి రోడ్డు మీదికి పోయాడు. బ్రేకు చప్పుడు విని నేను వెనకే పరుగెత్తాను.

"సావబుద్ధయితుందా?" అంటూ డ్రైవరు తల బయట పెట్టాడు. నలభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, మెడలో ఎర్ర తువ్వాల.

సత్యానందం ఆయన్ని చూశాడు. తరవాత పక్క సీటులోకి చూశాడు. వెనక్కి పోయి, ఉల్లిగడ్డ గంపల మధ్య కూర్చున్న ఆడవాళ్ళను, మగవాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు. మళ్ళీ ముందుకు వచ్చి మొదటి నుంచి చూశాడు. నేనే మాట్లాడాల్సి వచ్చింది.

"ఈ బండి ఎవలది?"

"నాదే. పోశన్న నా పేరు. ఏడేండ్లాయె కొని. కామారెడ్డిల ఒక మేస్త్రి అమ్మిండు. ఆదివారం ఆదివారం అంగడికి కిరాయి నడుపుత."

"మరి పేరు మార్చుకోలేదా?"

"గట్ల ఎవలు మారుస్తుండ్రన్నా? సేల్ లెటర్ ఉన్నది, నడుస్తున్నది."

నామీద నాకే ఒళ్ళు మండింది. బోధన్ అడ్డాలో సగం బండ్లు పాత ఓనర్ల పేరు మీదే తిరుగుతున్నాయి. చేతులు నాలుగు మారినా కాగితం మీద పేరు మారదు. అది నాకు తెలుసు, ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న సత్యానందానికి నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఆయన ఆ వైపు ఆలోచన పోనివ్వలేదు.

"మేస్త్రికి ఎవలమ్మిండ్రు?" అన్నాడు సత్యానందం చివరికి.

"ఎవడో పోరడట. ఎటు పోయిండో మేస్త్రికే తెల్వదు. ఆ మేస్త్రి గూడ చనిపోయి మూడేండ్లాయె."

"కెమెరా ఉన్నది గద, గింత జోరుగ వస్తవేంది?" అన్నాను నేను, కోపం ఎక్కడ తీర్చుకోవాలో తెలియక.

"గదా? గది ఉత్తదేనే. పెట్టిన కాంచి గిట్లనే పోతున్న, ఒక్క చలాను గూడ రాలె."

సత్యానందం ఊరుకొమ్మని నా చెయ్యి నొక్కాడు. నేను ఊరుకోలేదు. మూడు వచ్చాయని, మూడూ ఈయనే కట్టాడని, ఎవరనుకొని కట్టాడో కూడా చెప్పాను. పోశన్న ముఖం పాలిపోయింది. గబగబా దిగి జేబులో చెయ్యి పెట్టాడు. సత్యానందం వద్దని తల ఊపాడు.

"తప్పయిందన్నా. నాకు ఎరుకలేదు," అన్నాడు పోశన్న. "వచ్చే వారం బోధన్ వచ్చి పేరు మార్పిచ్చుకుంట, నీకింక తక్లీబ్ ఉండది. మీ తమ్ముని సంగతి చెప్పు. నిర్మల్ దాంక తిరుగుత నేను. ఏడన్న కండ్లవడితె ఖబర్ చెప్త."

అప్పటిదాకా అనుకుంటూ వచ్చిన మాట సత్యానందం ఆ పరాయి మనిషికి చెప్పాడు. "చెప్పుతోటి కొట్టిన వాణ్ణి. తప్పు నాది. అన్న గిట్లన్నడని చెప్పు. ఇంటికి రమ్మన్నడని చెప్పు."

"తప్పక చెప్త. మనిషి ఎట్లుంటడు?"

"సన్నగ ఉంటడు. నా భుజందాంక వస్తడు. మీసం ఇంక సరిగ మొలువలె..."

అక్కడ ఆగిపోయాడు. ఏసుదానానికి ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు.

"ఇప్పుడెట్లుంటడో తెల్వది," అన్నాడు. "ఎదురుంగ వస్తె నేను గూడ గుర్తువట్టనేమో."

అంగడికి ఆలస్యమవుతోందని జీపులో ఆడవాళ్ళు కేకలేశారు. పోశన్న మెల్లగా నడుపుకుంటూ పోయాడు. మేం రోడ్డు దాటి నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డాం. నాకు ఏడుపు వచ్చింది. సత్యానందం ఏడవలేదు. బస్సు వచ్చేదాకా ఆ దారిన పోయే ప్రతి పడుచువాడి ముఖంలోకీ చూస్తూ నిలబడ్డాడు.