కాన్పు బేరం

మా నాన్నది జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు. బడిలో నేర్చుకున్నదానికంటే ఆ కొట్లో గల్లాపెట్టె పక్కన ఎత్తు పీట మీద కూర్చుని నేను నేర్చుకున్నదే ఎక్కువ. కుక్కరు కొనడానికొచ్చినావిడ ధర విని మూతి విరుస్తుంది. చెప్పులేసుకుని మెట్లు దిగుతుంది. రెండో మెట్టు మీద కాస్త నెమ్మదిస్తుంది. మా నాన్న ఆ నెమ్మది కోసమే చూస్తుంటాడు. "అమ్మా, రండి రండి, మీ మాటేంటో చెప్పండి" అంటాడు. పిలుస్తాడని ఆవిడకీ తెలుసు, ఆగుతుందని ఈయనకీ తెలుసు. ఈ ఆట నేను రెండు వైపులా ఆడగలను. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి కల్యాణమండపం దాకా దేనికీ మొదటిసారే సరే అన్న పాపాన పోలేదు. పెళ్లిచూపుల్లో మా ఆయన పక్కన కాఫీ తాగుతూ ఆయన మీసం గురించి కూడా బేరమాడానని మా అక్క ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. అబద్ధమని చెప్పలేను.

పెళ్లయ్యాక నందిగామ వెళ్లాను. కడుపు పండాక, తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చాను. మా అక్క ఉండేది పేటలోనే, మా వెనక వీధిలో. అంతకు కొన్నేళ్ల ముందు తనకి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఉమ్మనీరు తగ్గిందన్నారు, ఆలోచించుకునే లోపే లోపలికి తీసుకెళ్లిపోయారు. బిడ్డ బాగున్నాడు, తనూ బాగుంది. కానీ బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టి, "అది నిజంగా అవసరమై చేశారంటావా?" అనేది. ఎవరిని అడిగినా తలో మాట చెప్పేవాళ్లు. ఆపరేషన్ అంటే నాకు పెద్దగా భయం లేదు. తనలాగా ఆ ప్రశ్నతో ఏళ్ల తరబడి మిగిలిపోవడమంటేనే భయం.

అందుకే అక్కను వెంటబెట్టుకుని, చీరల కోసం తిరిగినట్టు ఆసుపత్రులు తిరిగాను.

పేటలో ఒక చోట నేనేం అడిగినా సరే అన్నారు. "నార్మల్ అవుతుందాండీ?" అంటే, "ఎందుకవదమ్మా, తప్పకుండా." "మా అక్క లోపల ఉండొచ్చా?" "దానికేముంది, మన ఆసుపత్రేగా." "చివర్లో ఆపరేషన్ అనరుగా?" "ఛ ఛ." మేం లేచి వస్తుంటే కౌంటర్ దగ్గరమ్మాయి మర్యాదగా, "ముహూర్తం ఏమైనా పెట్టించుకుంటారా మేడమ్? ముందే చెబితే డాక్టర్‌గారిని ఖాళీగా ఉంచుతాం" అంది.

రోడ్డు మీదికి వచ్చాక అక్క, "నార్మల్‌కి ముహూర్తమేంటే?" అంది.

"లోపల బిడ్డే పంచాంగం చూసుకుని బయల్దేరుతుందేమో."

మా కొట్లో ఏ సరుకు గురించి అడిగినా 'ఆ ఆ, బ్రహ్మాండంగా ఉంటుంది' అంటున్నామంటే అది ఎవరూ కొనక అటక మీద మిగిలిపోయిన సరుకన్నమాట. 'దీని గాస్కెట్ ఏడాదే వస్తుందమ్మా, నీళ్లు లేకుండా పొయ్యి మీద పెట్టారో పేలుతుంది' అని మా నాన్న చెబితే మాత్రం ఆ కుక్కరు కళ్లు మూసుకుని కొనొచ్చు. నాకు అట్లా చెప్పే మనిషి కావాలి.

ఇంట్లోనే కంటే ఎట్లా ఉంటుందని కూడా ఆలోచించాను. మా అమ్మమ్మ కాన్పులన్నీ మంత్రసాని చేతి మీదే అయ్యాయి. ఆ మాట పైకి అంటే మా అమ్మ నన్ను చూసిన చూపుకి మళ్లీ ఎత్తలేదు. అప్పుడు మా ఆయన నందిగామ నుంచి ఫోన్ చేసి, అక్కడొక కాన్పుల కేంద్రం పెట్టారని చెప్పాడు. ఇద్దరు మిడ్‌వైఫ్‌లట. నర్సింగ్ చదివి, ఆపైన కాన్పులు చేయడంలో విడిగా శిక్షణ తీసుకున్నవాళ్లట. "డాక్టరు లేని చోట కాన్పేంటే" అని అమ్మ గొణుగుతుండగానే నేనూ అక్కా బస్సెక్కాం.

అదొక మామూలు డాబా ఇల్లు. ముందు మెట్లు, లోపల రెండు గదులు. మంచంతోపాటు నేల మీద పరుపు, నొప్పులప్పుడు పట్టుకుని వేలాడటానికి పైనుంచి కట్టిన గుడ్డ. ఇద్దరిలో పెద్దావిడ, మా అక్క ఈడుది, మమ్మల్ని కూర్చోబెట్టింది.

"ముందు నేను చేయనివి చెప్తానమ్మా," అంది. "కవలలైతే ఇక్కడ చేయను. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే చేయను. బీపీ పెరిగితే చేయను. నొప్పులు పడుతున్నా సరే, బిడ్డ గుండె చప్పుడు నాకు తేడాగా అనిపిస్తే విజయవాడ తీసుకెళ్లిపోతా. అక్కడ మనల్ని చూసే డాక్టరమ్మ ఉన్నారు. ఇవన్నీ మీకు సరే అయితేనే మిగతా మాటలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి నాతో కాదు అనే మనిషి దొరికింది. దొరికిందే చాలని ఊరుకుంటే నేను కొట్టు పిల్లనెట్లా అవుతాను?

"మీరే మా ఇంటికొచ్చి చేయకూడదాండీ? పెద్దిల్లే. వేడినీళ్లకి లోటుండదు."

"ఏదైనా తేడా వస్తే జగ్గయ్యపేట నుంచి విజయవాడ ఎప్పటికి చేరతాం? రాను."

"పోనీ ఈ ఊళ్లోనే మా అత్తగారింటికి?"

"అక్కడికీ రాను."

"సరేలెండి, మీ మాటే కానివ్వండి. బీపీ కొంచెం పెరిగితే మాత్రం చూసీచూడనట్టు పోదాం."

"కొంచెమంటే?"

"మీరే చెప్పండి."

"గీత దాటితే పంపించేస్తా."

"గీత మీదుంటే?"

"పడుకోబెట్టి మళ్లీ చూస్తా. అప్పుడూ దిగకపోతే పంపించేస్తా."

అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమే, కుక్కరు కొంటున్నావా?"

ఇక నా దగ్గర మిగిలింది ఒకటే ఎత్తు. "సరేనండీ, ఇంట్లో కనుక్కుని చెప్తాం" అని లేచాను. చెప్పులేసుకున్నాను. మెట్లు దిగడం మొదలుపెట్టాను. కడుపుతో ఉన్నదాన్ని కాబట్టి నెమ్మదిగా దిగడానికి మంచి సాకు కూడా ఉంది. రెండో మెట్టు మీద చున్నీ సర్దుకున్నాను. వెనకనుంచి ఏ పిలుపూ రాలేదు. ఆఖరి మెట్టు. గేటు. ఓరకంట వెనక్కి చూస్తే ఆవిడ కిటికీలోంచి కనిపిస్తోంది, చేతులు కడుక్కుంటూ ఇంకో గర్భిణితో మాట్లాడుతోంది.

అక్క గేటు పట్టుకుని నవ్వుతోంది. "పిలవదే పిచ్చిమొహమా. ఆవిడకి నీతో పనేంటి? నీకే ఆవిడతో పని."

వీధి చివర చెరకు రసం తాగుతూ నిలబడ్డాం. నవ్వులాటకి దిగాను గానీ, లోపల మాత్రం ఒక ఆలోచన కుదురుకుంటోంది. నన్ను పోనివ్వడానికి ఏమాత్రం వెనకాడని మనిషి, రేపు నా కడుపు కొయ్యాలని ఊరికే చెప్పదు. గ్లాసు బండివాడికిచ్చేసి నా అంతట నేనే వెనక్కి నడిచి, ఆ మెట్లు ఎక్కాను. ఆవిడ ఎగతాళి చేయలేదు. "కూర్చోండమ్మా, బీపీ చూద్దాం" అంది, అంతే.

ఆ తర్వాత ప్రతిసారీ అక్కే తోడొచ్చేది. ఆవిడ నా పొట్ట మీద రెండు చేతులూ వేసి నిదానంగా తడిమి చెప్పేది: ఇదుగో తల, ఇది వీపు, ఈ పక్కన కాళ్లు. ఒకసారి అక్క చెయ్యి పట్టుకుని తల ఉన్న చోట పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క, "నాకు ఎవరూ ఇట్లా చెప్పలేదే" అంది.

రోజులు దగ్గరపడ్డాక ఒక పొద్దున బీపీ పట్టీ బిగించి, ఆవిడ అంకెలు చూసింది. నన్ను ఎడమపక్కకి తిరిగి పడుకోమంది.

"ఎండన పడి వచ్చాం కదండీ," అన్నాను. "బస్సులో ఒకటే కుదుపు. దానికితోడు పొద్దున ఆవకాయ కూడా తిన్నా."

"ఆవకాయని తర్వాత తిడదాం. కళ్లు మూసుకోండి."

మళ్లీ చూసింది. పట్టీ విప్పుతూ, "విజయవాడ వెళ్దామమ్మా" అంది.

నేను నోరు తెరిచేలోపే అక్క లేచి నిలబడింది. అన్నాళ్లూ నా బేరాలకి నవ్వినది, ఇప్పుడు తనే మొదలుపెట్టింది. "ఇంకొక్కసారి చూడండి. తల దిగిందన్నారుగా? బిడ్డ బాగుందన్నారుగా? ఇంత దూరం వచ్చాక... అక్కడికెళ్తే కోసేస్తారండీ. నాకు తెలుసు."

"కొయ్యొచ్చు, కొయ్యకపోవచ్చు," అంది ఆవిడ. "ఈ బీపీతో ఇక్కడుంటే మాత్రం ఫిట్స్ వచ్చే ప్రమాదముందమ్మా. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. నేనూ వస్తా, పదండి."

"పదక్కా," అన్నాను. ఎందుకో ఆ క్షణాన నాకు బేరం గుర్తుకు రాలేదు.

మా ఆయన కారు తెచ్చాడు. కంచికచర్ల దగ్గర బస్సుల వెనక ఇరుక్కుపోయి అతను హారన్ మీంచి చెయ్యి తీయకపోతే, "నిదానంగానే పోనివ్వండి బాబూ" అని వెనక సీట్లోంచి ఆవిడ అంది. ముందు కూర్చున్న అక్క దారి పొడవునా వెనక్కి తిరిగి నన్నే చూస్తూ ఉంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నొప్పులు రావడానికి మందు పెట్టింది. మిడ్‌వైఫ్ నా పక్కనే ఉండి నడుము రాసింది, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది. చాలాసేపటికి, నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె చప్పుడు తగ్గడం మొదలైంది. ఆవిడ అక్కని దగ్గరికి పిలిచి, "వినండి," అంది. "నొప్పితోపాటు తగ్గుతోంది. నొప్పి పోయాక మళ్లీ పుంజుకోవాలి. చూడండి, పుంజుకోవడం లేదు." నాకూ వినిపిస్తోంది. డాక్టరమ్మ ఆపరేషన్ అంది.

నేను మిడ్‌వైఫ్ మొహంలోకి చూశాను. "అవసరమాండీ?"

"అవసరం," అంది. ఒట్టు వేయలేదు, బుజ్జగించలేదు. "సరే" అన్నాను.

ఆడపిల్ల. వార్డంతా వినబడేలా ఏడ్చింది.

మర్నాడు నందిగామ తిరిగి వెళ్లేముందు ఆవిడ వార్డుకొచ్చి, నా చేత బిడ్డకి పాలు పట్టించింది. అక్క కిటికీ దగ్గర నిలబడి గుడ్డలు మడతపెడుతోంది. ఇటు తిరగకుండానే అడిగింది.

"ఏవండీ, నాకప్పుడు ఉమ్మనీరు తగ్గిందని చేశారు. అది కూడా అవసరమే అయ్యుంటుందంటారా?"

అవుననండి అని నేను కళ్లతోనే ఆవిణ్ని బతిమాలాను. ఒక్క మాట అంటే ఆవిడకి పోయేదేముంది? అక్క ఇన్నేళ్ల బరువు దిగిపోతుంది కదా.

"నేనప్పుడు లేనుగా అమ్మా," అంది ఆవిడ. "ఆ ఒక్క ముక్కతో చెప్పలేం. నాకు తెలియదు."

అక్క చేతిలో గుడ్డ మడత సగంలో ఆగింది. ఆవిడ మంచం కిందనుంచి స్టూలు లాగి, దాన్ని అక్క వైపు జరిపింది.

"కూర్చోండి. ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో మీకు గుర్తున్నంతవరకు చెప్పండి. నాకు అర్థమైనంతవరకు నేనూ చెప్తా. బస్సు తర్వాతది ఎక్కుతాలే."

అక్క కూర్చుంది. "ఆ రోజు పొద్దున నేను దోసెలు పోస్తున్నానండీ" అని మొదలుపెట్టింది. అన్నేళ్లుగా 'అంటావా, అంటారా' అని అందరినీ అడుగుతూ వచ్చిన మనిషిని, ఏం జరిగిందో చెప్పమని మాలో ఒక్కరం కూడా అడగలేదని నాకప్పుడే తట్టింది. బిడ్డని నా పక్కలోకి జరుపుకుని, నేను కూడా వినడం మొదలుపెట్టాను.