ఒజీట్ మెత్తించిన గోడలు

ఎడ్లు లాగడానికి వీలుగా కట్టిన ఇల్లు అది. కింద రెండు లావుపాటి దూలాలు, వాటి మీద గుంజలు, గుంజలకు సన్నని పలకలు, కప్పుకు ఆకు. గట్టి ఎడ్ల జతలు కొన్ని దొరికితే చాలు, ఇల్లు ఇల్లంతా గడ్డి మైదానం దాటిపోతుంది. అలా కట్టింది ఒజీట్ భర్త సిల్వాన్ ప్రెజాన్.

"ఈసారి వెళ్ళగొడితే ఇల్లు కూడా వెంట తీసుకుపోతాం," అనేవాడు.

ఆ మాటకు మైదానంలో ఎవరూ నవ్వేవారు కాదు. అందరూ ఉత్తరాన ఫ్రెంచివాళ్ళు కాపురమున్న అకాడీ నుంచి వెళ్ళగొట్టబడ్డవాళ్ళే. ఇంగ్లీషు సైనికులు ఊళ్ళు తగలబెట్టి జనాన్ని ఓడల్లో కుక్కినప్పుడు ఒజీట్ ఇంకా చంకపిల్ల. తల్లి మేరీలాండ్‌లో పోయింది. తర్వాత ఒకరి కొట్టం, ఇంకొకరి వసారా, మళ్ళీ ఓడ, వేడికి ఉడికిపోయే నది, నీళ్ళు నిలిచే బాడవ, చివరికి ఈ గడ్డి మైదానం. ఏ ఇంట్లోనూ ఆమె మూట పూర్తిగా విప్పింది లేదు. ఇక్కడ ఏలే స్పెయిన్ దొరతనం భూమి ఇచ్చింది, పశువుల్ని ఇచ్చింది. భయం మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నారు.

ఈ ఇంట్లో ఏడేళ్ళు గడిచాయి. చలికాలం వస్తే పలకల సందుల్లోంచి ఉత్తరపు గాలి పొయ్యిదాకా వచ్చేది. పోయినేడు పాలు తాగే పిల్ల ఆ గాలికే దగ్గి దగ్గి పోయింది. ఇప్పుడు ఒజీట్ మళ్ళీ కడుపుతో ఉంది. నెలలు నిండేది సరిగ్గా చలి ముదిరేటప్పుడే.

"మట్టి గోడలు పెట్టించు," అని అడిగింది.

"మట్టి మెత్తితే ఇల్లు కదలదు."

"కదలొద్దనే అడుగుతున్నా."

సిల్వాన్ పశువుల దగ్గరికి పోయాడు. వానలు తగ్గాక, అమ్మకానికి మందను తోలుకుని పట్నం బయలుదేరాడు.

గోడలు మెత్తడం ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగంతా వచ్చి ఒక పగటిలో చేసిపెడతారు. కూలి ఉండదు. తిండి పెట్టాలి, రేపు వాళ్ళింటి పనికి మనమూ పోవాలి. అయితే పిలుపు ఇంటి మగవాడిది. గుర్రమెక్కి గడపగడపకూ వెళ్ళి పిలుస్తాడు. ఒజీట్ నడిచి వెళ్ళింది.

మొదటి ఇల్లు నానోన్‌ది. ముసలామె వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"మీ ఆయన ఏడే? గుర్రానికి కాలు విరిగిందా, ఆయనకే నోరు పడిపోయిందా?"

"పట్నం పోయాడు పిన్నీ."

"వచ్చాక పిలవమను మరి."

"వచ్చాక పిలవడు."

నానోన్ చేతులు ఆగాయి. "చెప్పకుండా చేస్తే ఊరుకుంటాడటే?"

"ఊరుకోడేమో. నేను ఊరుకుని ఏడేళ్ళయింది."

ముసలామె ఆమె కడుపు వంక చూసింది. "ఇంట్లో కాఫీ ఉందా? మా అబ్బాయి ఫిర్మాన్ కాఫీ లేందే కాలు కదపడు."

"అడుగున కొంచెం ఉంది."

"సరేలే, మా ఇంటిది తెస్తాం. నువ్విక తిరక్కు. మిగతా ఇళ్ళకి వాణ్ణి పంపిస్తా."

అనుకున్న రోజు పొద్దున్నే జనం వచ్చారు. పలకలు ఊడదీశారు. గుంజల మధ్య అడ్డకర్రలు బిగించారు. గుంట తవ్వి, బంకమట్టిలో నీళ్ళు పోసి, ఏటి ఒడ్డు చెట్లకు జడల్లా వేలాడే నాచును తెచ్చి నానబెట్టి, అందులో కలిపి తొక్కారు. ఆడవాళ్ళు ఆ ముద్దను బారుగా చుట్టి అడ్డకర్రల మీద వేలాడేస్తూ అదిమారు.

"ఇంట్లో గిన్నె అందుకోమంటే నడుం నొప్పంటాడు," అంది ఫిర్మాన్ పెళ్ళాం సెలెస్ట్. "ఇక్కడ చూడండి, ఎట్లా గెంతుతున్నాడో."

"ఇక్కడ కూరలో మాంసం వేశారే," అన్నాడు ఫిర్మాన్ గుంటలోంచి.

పొద్దు వాలేసరికి మూడు గోడలు లేచాయి. అప్పుడొచ్చాడు సిల్వాన్. గుర్రం దిగి, ఎవరినీ పలకరించకుండా గోడ దగ్గరికి నడిచి వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. పని ఆగిపోయింది.

"అకాడీలో మా నాన్న కట్టిన గోడ తడి కూడా ఆరలేదు," అన్నాడు. "నిప్పు పెట్టారు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఒజీట్‌కు చెప్పడం అదే మొదలు. అతనితో పోట్లాడటానికి ఆమె దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. చేతిలోని మట్టిముద్ద కింద పెట్టి అతని పక్కకు వచ్చింది.

"ఇక దీన్ని ఎడ్లు లాగలేవు," అన్నాడు.

"లాగలేవు."

"మళ్ళీ వస్తే?"

"రానీ. లోపలే కూర్చుని ఉంటా. ఇంకో చోటికి నడిచే ఓపిక నాకు లేదు."

అతను వేలికంటిన మట్టిని చొక్కాకు తుడుచుకున్నాడు. "నాకూ లేదు," అన్నాడు.

ఫిర్మాన్ గుంట అంచుకు వచ్చాడు. "బావా, ఉత్తరం గోడ మిగిలింది. చీకటి పడేట్టుంది. దిగుతావా, మమ్మల్ని పొమ్మంటావా?"

సిల్వాన్ చెప్పులు విడిచి గుంటలోకి దిగాడు. బరువు మోసేవాడిలా నెమ్మదిగా తొక్కాడు. ఎవరూ హాస్యమాడలేదు.

ఒజీట్ లోపలికి వెళ్ళి గోడ వారన కూర్చుంది. సంతోషం వస్తుందనుకుంది. నడుం నొప్పి వచ్చింది, ఆకలేసింది. బయట సిల్వాన్ మట్టి అందించమని ఎవరినో అడుగుతున్నాడు. అది వింటూనే, మట్టిచేతులు ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నచోటే నిద్రపోయింది.