మందు ముందు, చేప తర్వాత

తాత పోయాడని పోయిన ఆదివారం ఉదయం కళింగపట్నం నుంచి ఫోను వచ్చింది. అమ్మమ్మ ఏడవలేదు. "నిద్దర్లోనే ఎల్లిపోనాడే. ఎవుర్నీ కొట్టకుండా ఎల్లిపోనాడు" అంది.

వల చిరిగితే పడవలో పనివాళ్లను కొట్టేవాడు. కూర చల్లారితే అమ్మమ్మను కొట్టేవాడు. నా కాన్వెంటు రోజుల్లో ఒకడు వేళాకోళానికి నా పుస్తకాల సంచిని వంశధారలోకి విసిరాడు. తాత వాడి ముందుపన్ను రాలగొట్టి, నీళ్లలో దిగి సంచి తెచ్చాడు. చదువు రాని మనిషి. ఎండుచేపల పక్కనే నా పుస్తకాలు పరిచి, చేపలను తిరగేసినట్టే సాయంత్రం దాకా ఒక్కో పేజీ తిరగేశాడు. ఆ పుస్తకాలకు చేపల వాసన ఇప్పటికీ పోలేదు.

ఆ చేతులకే వణుకు వచ్చింది. పార్కిన్సన్స్ అన్నారు. విజయనగరంలో డాక్టరుగారు, చదువుకున్నదాన్నని, నాతో ఇంగ్లీషులో చెప్పారు. మెదడు రక్తనాళాల్లో ఒక కాపలా ఉంటుందట. మెదడుకు కావలసిన అసలు పదార్థం దాన్ని దాటలేదట. అందుకే వేషం మార్చిన మందు ఇస్తారు. అదీ మాంసకృత్తులు వెళ్లే దారినే వెళ్లాలి. చేపతో కలిపి వేస్తే దారి ఇరుకై మందు బయటే ఉండిపోతుంది. అన్నానికి గంట ముందు వెయ్యాలి. నేను తలూపాను.

ఇంటికి రాగానే అమ్మమ్మ నెత్తళ్ల చేపకూర కలిపిన ముద్దలో మాత్ర పెట్టింది. "ఉత్త కడుపున మందేటి? బలముండాల." చుట్టూ మావయ్యలున్నారు. నలుగురిలో నాకు నోరు పెగలలేదు. మర్నాడు హాస్టలుకి వెళ్లిపోయాను.

నెల తర్వాత సెలవులకు వచ్చేసరికి తాత గడప దగ్గర కదల్లేక నిలబడి ఉన్నాడు. "నా కాళ్లెవుడు కట్టేసినాడ్రా" అని అరుస్తున్నాడు. పట్టుకోబోయిన అమ్మమ్మ మీదికి కంచం విసిరాడు. నుదురు చిట్లి, రక్తం ఆమె కంట్లోకి కారింది. పెద్ద మావయ్య పడవ తాడు తెచ్చాడు. "మంచానికి కట్టేద్దుము. ఇంకేటి సేస్తాం?"

అప్పుడు చెప్పాను, చేపతో వేస్తే మాత్ర పనిచెయ్యదని.

"నెల్రోజుల్నుంచి నీకు తెలుసునా?" అంది అమ్మమ్మ. తలూపాను. చెంప పగిలేలా కొట్టింది. ఆ ఇంట్లో నా మీద చెయ్యి చేసుకున్నది ఆవిడొక్కతే.

తాత నన్నే చూశాడు. "ఏటే గుంటా, నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయనుకున్నావేటి?"

మర్నాటి నుంచి ఉదయం ఏడింటికి గ్లాసుడు మంచినీళ్లతో మాత్ర, గంట ఆగి అన్నం. చేప రాత్రికి మారింది. "సముద్దరం మీద బతికినోడికి సేపకి టైమేటే" అని గొణిగేవాడు. జబ్బు పోలేదు. చెయ్యి చేసుకోవడమూ పూర్తిగా మానలేదు. కానీ నాలుగేళ్లు తన కాళ్లతో ఒడ్డుకు నడిచాడు. తాడు పడవలోకి తిరిగి వెళ్లింది.

తాత పోయిన మూడో నాడు ఉదయం ఒడ్డున ఆయనకు ఆకు వేశాం. అమ్మమ్మ అన్నం పెట్టి, నెత్తళ్లు వెయ్యబోతూ ఆగింది. పొద్దు వంక చూసింది. తర్వాత గిన్నె మొత్తం బోర్లించింది. "తిను. ఇంక ఏ ఏళకైనా తిను."

ఆవిడ రెండో చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉంది.