మోకాలి నొప్పి అని చెప్పి

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. ఇరవై నాలుగేళ్ల కిందట కాజాలు కుట్టే మిషన్ ముందు కూర్చుని పని మొదలుపెట్టింది. తర్వాత కాలర్ల లైనుకు సూపర్‌వైజరు అయినా ఆ పేరే నిలిచిపోయింది. ముప్పై మిషన్ల రొదలో కూడా ఏ సూది విరగబోతోందో చప్పుడును బట్టి చెప్పగలదు. నోరు పెద్దది. కానీ మనసులో ఏదీ పెట్టుకోదని పేరు. "అక్క అరుపు వాన లాంటిది, కురిసి వెళ్లిపోతుంది" అనేవారు లైనులో ఆడవాళ్లు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కాలర్లు కుట్టే పిల్లను చెంప మీద కొట్టింది.

ఆ పిల్ల చేరి మూడు నెలలు. ఆ రోజు వరసగా పదకొండు కాలర్లకు మొనలు వంకరగా తిప్పింది. కాజాలక్క వెళ్లి "ఇదేంటి?" అంటే జవాబు లేదు. ఆ పిల్ల కిటికీ వైపు చూస్తూ, పెదవులు మాత్రం కదుపుతూ కూర్చుంది. "నిన్నేనమ్మా, చెవుడా?" అని భుజం తట్టినా చూపు తిప్పలేదు. తర్వాత ఏం జరిగిందో కాజాలక్కకు ఎంత తవ్వుకున్నా సరిగ్గా గుర్తు రాదు. చప్పుడు గుర్తుంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం గుర్తుంది. ఆ పిల్ల చెంప మీద తన నాలుగు వేళ్లూ ఎర్రగా తేలడం గుర్తుంది.

మేనేజరు గది తలుపు వేశాడు.

"మీ సర్వీసు చూసి ఉద్యోగం తియ్యట్లేదు. మూడు వారాలు ఇంటి దగ్గరుండండి. వారానికోసారి కౌన్సిలర్ దగ్గరకి వెళ్లాలి. ఆరుసార్లు."

"నాకు పిచ్చి పట్టిందంటారా సార్?"

"ఏం పట్టిందో నాకు తెలీదు. తెలుసుకుని రండి."

తల కొట్టేసినంత పనయింది. తాను పని నేర్పిన మనుషుల మధ్య నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని పట్టపగలు గేటు దాటింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో భర్త, అత్తగారు. భర్త ఇనప సామాన్ల దుకాణంలో గుమస్తా. వాళ్లతో మోకాలి నొప్పి అని చెప్పింది. నిలబడి నిలబడి మోకాలు అరిగిందట, మూడు వారాలు విశ్రాంతట, ప్రతి గురువారం వైద్యమట. ఆ ఇంటివాళ్లకు ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది కాదు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. మర్నాడే నూనె వెచ్చబెట్టి తెచ్చి, "కాలు చాపు" అంది.

"వద్దత్తయ్యా, మీరెందుకు..."

"చాపమంటుంటే!"

వణికే చేతులతో ఆవిడ రుద్దుతుంటే నొప్పి లేని మోకాలు నిప్పు తగిలినట్టు చురుక్కుమనేది. కోడలు ముఖం గోడ వైపు తిప్పుకునేది.

మొదటి గురువారం వచ్చింది. జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు. కొంగు తల మీదుగా లాక్కుని మెట్లెక్కింది. లోపల మంచం ఉంటుందని, పడుకోబెట్టి తలకు ఏవో తీగలు పెడతారని, మత్తు మాత్రలు మింగిస్తారని ఆమె ఊహ. అక్కడ రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడ గడియారం ఉన్నాయి. ముందు ఒక కాగితం ఇచ్చారు. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండేదా? అన్నింటికీ మంచి పిల్లలా జవాబులు రాసింది. తోబుట్టువులు ఎందరు అన్నచోట పెన్ను ఆగింది. "లేరు" అని రాసి మడిచి ఇచ్చింది.

కౌన్సిలర్ తనకు కూతురయ్యే వయసు మనిషి. అది ఇంకో అవమానం.

"ఇక్కడ మీరు చెప్పింది బయటకి పోదండీ," అంది ఆ అమ్మాయి. "మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే మాత్రం చెప్పక తప్పదు. అదీ మీతో చెప్పే చేస్తాను. మీ మేనేజరుకి మీరు వచ్చారని తప్ప ఇంకేం రాయను."

"మరి మందులేమిస్తారు?"

"నేను మందులివ్వను. అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరకి పంపుతాను. మనం ఇక్కడ మాట్లాడుకుంటాం, అంతే."

"మాట్లాడితే తగ్గేదానికి ఇంత దూరం రావాలా? మా లైన్లో రోజంతా మాట్లాడుకోవడమే."

ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు. ఎదుటివాళ్ల చేత తప్పు ఒప్పించడానికి మౌనంగా నిలబడటం కాజాలక్కకూ తెలిసిన ఎత్తే. నీ ఓపికో నా ఓపికో అనుకుని కూర్చుంది. చివరికి ఉండబట్టలేక, "మీ కాలరు ఎడమ మొన వంకర తిరిగింది. లోపల గుడ్డ సరిగ్గా కత్తిరించలేదు" అంది. మిగిలిన సమయమంతా కాలర్ల గురించే సాగింది. దిగేటప్పుడు, గండం గడిచిందనుకుంది.

రెండో గురువారం అంత తేలిగ్గా పోలేదు. ఆ రోజు ఏం జరిగిందో మెల్లగా, వరసగా చెప్పమంది ఆ అమ్మాయి. కిటికీ దాకా వచ్చాక కాజాలక్క ఆపైన చెప్పలేకపోయింది. "మొదట్లో కొన్నాళ్లు ఇంకా బరువుగా అనిపించొచ్చు. అది మీ తప్పు కాదు" అని కౌన్సిలర్ పంపించింది. నిజంగానే ఆ వారమంతా అన్నం సయించలేదు. బస్సులో కూర్చున్నా, బట్టలు ఆరేస్తున్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. నయం చేయించుకోవడానికి వెళ్లి రోగం తెచ్చుకున్నానే అనుకుంది. ఇక వెళ్లకూడదని నిశ్చయించుకుంది.

బుధవారం సాయంత్రం అత్తగారు నూనె గిన్నెతో వచ్చింది. కోడలు కుడికాలు చాపింది. ఆవిడ రుద్దడం మొదలుపెట్టి, నింపాదిగా అంది:

"మొన్నటిదాకా ఎడమది కదమ్మా."

కాజాలక్క కాలు వెనక్కి లాక్కోబోయింది.

"నీ నొప్పి మోకాల్లో లేదని మొదటి రోజే తెలుసు నాకు. మెట్లు దిగుతుంటే చూడనా? ఎక్కడుందో నువ్వు చెప్పలేదు. నువ్వు చూపించింది మోకాలు. అందుకని అదే రుద్దాను."

సిగ్గుతో చచ్చి సగమైంది కోడలు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. చేతులు తుడుచుకుని, "ఆ వైద్యమేదో మానకు" అని లేచి వెళ్లిపోయింది.

మూడో గురువారం కాజాలక్క కుర్చీలో కూర్చుంటూనే, "ఆ కాగితంలో ఒకటి తప్పు రాశాను. నాకో అక్క ఉండేది" అంది.

అక్క నాలుగేళ్లు పెద్ద. చక్కగా చదివేది. ఇరవయ్యో ఏట కిటికీ ముందు కూర్చుని పెదవులతో ఏవో లెక్కలు పెట్టుకోవడం మొదలైంది. పిలిస్తే పలికేది కాదు. తండ్రి ఆమెను దూరంగా ఒక ఆశ్రమంలో చేర్చాడు. చెల్లెలికి సంబంధాలు చూసే రోజులు వచ్చాయి. "అక్క గురించి ఎవరైనా అడిగితే జ్వరంతో పోయిందని చెప్పు" అన్నాడు. పెళ్లిచూపుల్లో ఇదే అత్తగారు అడిగింది. చెల్లెలు చెప్పింది. నమ్మరేమోనని కళ్లు కూడా ఒత్తుకుంది. చనిపోయిందన్న అక్క ఆ తర్వాత ఇరవై అయిదేళ్లు బతికింది. దొంగచాటుగా రెండే రెండుసార్లు చూసి వచ్చింది చెల్లెలు. కిందటేడు లైను మధ్యలో ఉండగా ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది.

"బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చి ఆ రోజు ఎనిమిది వందల కాలర్లు దాటించాను. ఎవరికని చెప్పనమ్మా? చచ్చిపోయిందన్న మనిషి మళ్లీ ఎలా చచ్చిపోతుంది?"

కౌన్సిలర్ ఊరుకుంది. ఈసారి అది ఎత్తులా అనిపించలేదు.

"ఆ పిల్ల అలా కిటికీ వైపు చూస్తుంటే... నేను కొట్టింది ఆ పిల్లని కాదమ్మా."

"కావచ్చు. కానీ దెబ్బ తగిలింది ఆ అమ్మాయికే కదండీ," అంది ఆ అమ్మాయి మెత్తగానే.

కాజాలక్క ఆ అమ్మాయి తనను ఓదారుస్తుందేమో అనుకుంది. ఓదార్చకపోవడమే మంచిదైందని మెట్లు దిగుతుంటే తోచింది.

ఆ ఆదివారం పొద్దున్నే భర్తనీ అత్తగారినీ కూర్చోబెట్టి అంతా చెప్పింది, చెంపదెబ్బతో సహా. భర్త గ్లాసు కింద పెట్టాడు.

"ఇరవై ఆరేళ్లు కాపురం చేశాం కదే. ఒక్కసారి కూడా నాతో చెప్పాలనిపించలేదా?"

"చెప్తే వదిలేస్తారనుకున్నానండీ. తర్వాతేమో... ఆలస్యమైపోయింది."

"మేమంత కసాయివాళ్లలా కనబడ్డామన్నమాట," అంది అత్తగారు. ఆవిడ గొంతులో కోపం ఉంది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు కూరగాయలు తరుగుతూ, "మీ అక్క చూడటానికి నీలాగే ఉండేదా?" అని అడిగింది. భర్త మాత్రం చాన్నాళ్లు ముభావంగానే ఉన్నాడు. కానీ అక్క ఉన్నచోటు ఒకసారి చూడాలని అతనే అన్నాడు. ఇద్దరూ వెళ్లి వచ్చారు.

ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లిన రోజు, మిషన్లు ఇంకా మొదలు కాకముందు, కాజాలక్క కాలర్ల పిల్ల ముందు నిలబడింది. కొట్టింది అందరి ముందు కాబట్టి అందరూ వినేలాగే చెప్పింది.

"తప్పు చేశానమ్మా. నిన్ను కొట్టే హక్కు నాకు లేదు. క్షమించమని అడుగుతున్నాను."

ఆ పిల్ల దారపు రీలు మిషనుకు ఎక్కించింది. తర్వాత నెమ్మదిగా అంది:

"క్షమించానని చెప్పమంటే చెప్తాను మేడమ్. ఉద్యోగం కావాలి కదా. కానీ నిజం అడిగితే, ఇంకా లేదు."

"సరేనమ్మా," అంది కాజాలక్క. ఆ రోజు ఎందుకలా చూస్తూ కూర్చున్నావని అడగలేదు. ఆ ప్రశ్న కొట్టకముందు అడగవలసింది.

తనే మేనేజరును అడిగి, కుట్టిన చొక్కాలను పరీక్షించే బల్ల దగ్గరకు మారింది. ఆరు గురువారాలూ అయిపోయాయి. ఏడో గురువారం ఎవరూ పంపకుండానే వెళ్లింది. ఇంట్లో ఎక్కడికని అడిగితే, "కౌన్సిలర్ దగ్గరకి" అంటుంది. ఆ మాట ఇప్పటికీ కాస్త నసుగుతూనే వస్తుంది.

నాలుగు నెలలకు కాలర్ల పిల్ల వేరే ఫ్యాక్టరీలో చేరింది. వెళ్లేముందు లైనులో అందరి దగ్గరకూ వెళ్లి చెప్పి వచ్చింది. పరీక్షించే బల్ల దగ్గరకు మాత్రం రాలేదు. కాజాలక్క దూరం నుంచి చూసింది. చేతిలోని చొక్కా తిరగేసి, వదులు దారాలు కత్తిరించడంలో పడింది. ఆ పిల్ల కుర్చీలో ఇప్పుడు ఇంకొకామె కూర్చుంటోంది. రోజుకు రెండుసార్లు ఆ వరస పక్క నుంచి నడవాలి. అక్కడికి రాగానే కాజాలక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటుంది.