పాకాల పాసింజరులో నా పరిశోధన

కిందటి నెల యూనివర్సిటీలో ఒక పరిశోధక విద్యార్థిని తన ప్రశ్నావళిని సెల్‌ఫోన్‌లో చూపించింది. ఫ్యాక్టరీ కార్మికులకు లింకు పంపిందట, తాను భోంచేసి వచ్చేలోగా జవాబులన్నీ వచ్చి పడ్డాయట. "ఒక్కరిని కూడా కలవాల్సిన పని పడలేదు మేడమ్" అంది సంతోషంగా. రిటైరైన దాన్ని, పిల్లల సంతోషం పాడుచేయడం నాకిష్టం ఉండదు. బాగుందమ్మా అన్నాను. కానీ తిరుపతి ఎండలో ఇంటికి నడిచి వస్తుంటే, దూది నూగు అంటుకున్న నా కాగితాల కట్టలూ, ఒక అక్క గొంతూ గుర్తొచ్చి, మా వీధి మలుపు దాటి చాలా దూరం వెళ్లిపోయాను.

నేను మేనేజ్‌మెంటు శాఖలో చేరి, యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య సంబంధాల మీద పరిశోధన చేస్తానన్నప్పుడు, అదేమిటో మా నాయనకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన పాకాల దగ్గర చెరకు, వేరుశనగ పండించే మనిషి. చివరికి తనే ఒక అర్థం చెప్పుకున్నాడు. ఎవరైనా అడిగితే, "మా పాప తగువులు సదువుతా ఉండాదప్పా. మా ఇంట్లో ఉండేటివి సాలక తిరుపతికి పోయింది" అనేవాడు. తర్వాత ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను గానీ, నా సబ్జెక్టుకు అంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

మా గైడు గారు తన స్నేహితుడి ద్వారా, రైలు స్టేషను పక్కనే ఉన్న ఒక స్పిన్నింగు మిల్లులో నాకు అనుమతి ఇప్పించారు. నలభై ప్రశ్నలు తయారుచేసుకుని, ప్రతి ఫారం పైన "మీ జవాబులు గోప్యంగా ఉంచబడును" అని అచ్చు వేయించాను. అడిగినవాళ్లనే మళ్లీ అడక్కుండా ఉండాలని ఒక మూల, మిల్లులో ఎవరు ఎవరో పోల్చే వాళ్ల టోకెన్ నంబరు కూడా పెన్నుతో రాసుకున్నాను. అచ్చు వేయించిన మాటకీ, పెన్నుతో రాసిన అంకెకీ పొసగదని నాకు అప్పుడు తట్టలేదు. నాలుగు నెలలు తిరిగి సగం మందిని అడిగాక, ఒకరోజు మిల్లు ఆఫీసరు పిలిపించి, కాఫీ ఇప్పించి, ఆ ఫారాలు తమకిమ్మన్నాడు. ఫలితాలు ఇస్తాను సార్, ఫారాలు ఇవ్వలేనన్నాను. "వాటి మీద నంబర్లు ఉండాయంట గదమ్మా. మాకు కావల్సింది అవే" అన్నాడు, చాలా మర్యాదగా. కాఫీ సగంలోనే వదిలేసి లేచాను. రేపటినుంచి రావొద్దన్నాడు.

వెళ్లి గైడు గారికి జరిగిందంతా చెప్పాను. స్నేహితుడి దగ్గర ఆయన మాట పోయింది మరి. ఆయన కళ్లద్దాలు తీసి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తుడుచుకుని, "ఇంకో మిల్లు దొరకాలంటే రెండేళ్లు పట్టొచ్చు. పట్టనీ" అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మర్నాడు సాయంత్రం షిఫ్టు విడిచే వేళకు కాగితాల కట్టతో స్టేషనుకు వెళ్లాను. అందరికన్నా ముందు నాకు జవాబులు చెప్పి, భయపడుతున్న మిగతావాళ్లకు ధైర్యం చెప్పిన అక్క అక్కడ పాకాల పాసింజరు కోసం నిలబడి ఉంది. జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె ముఖం బిగుసుకుపోయింది.

"నంబరు ఎందుకు రాసినావు పాపా? మాకు సదువు రాదు, ఏం రాసినా తెలీదనే గదా?"

కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని విప్పి, నలుగురు ఆడవాళ్లను పిలిచి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క ఫారం మూల చింపడం మొదలుపెట్టింది. నేనూ చింపాను. అంతా అయ్యేసరికి రైలొచ్చింది. నేను అక్కడే నిలబడిపోతే, అక్క తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగింది.

"ఎక్కు. మిగిలినోళ్లను ఈడ అడుగు. రైలు వాళ్లబ్బ సొత్తు కాదు."

అలా రెండు నెలలు ప్రతి సాయంత్రం పాకాల దాకా వెళ్లాను. రోజంతా యంత్రాల హోరులో మాట్లాడి మాట్లాడి వాళ్లకు నెమ్మదిగా మాట్లాడటం పోయింది. నేను గుసగుసగా అడిగితే వాళ్లు పెట్టె అదిరేలా జవాబు చెప్పేవాళ్లు. ఒకరిని అడిగితే నలుగురు దిద్దేవాళ్లు. సూపర్‌వైజరు మిమ్మల్ని గౌరవిస్తాడా అన్న ప్రశ్నకు, మిల్లుతో ఏ సంబంధమూ లేని పూలమ్మే ముసలమ్మ కూడా తన అభిప్రాయం చెప్పింది. గోప్యతను ఆ రైల్లోనే వదిలేసుకున్నాను. ఒకరోజు అక్క, "అన్నీ అడిగినావు గానీ, కాళ్ల గురించి అడగలేదే" అంది. ఎనిమిది గంటలు నిలబడే పని వాళ్లది. తెగిన దారాలు అతుకుతూ ఉండాలి. దారం తెగనప్పుడు కూడా కూర్చోకూడదు, అసలు స్టూలే ఉండదు. నా నలభై ప్రశ్నల్లో కూర్చోవడం గురించి ఒక్కటీ లేదు. ఆ మాట మీద రాసిన అధ్యాయాన్నే తర్వాత అందరూ మెచ్చుకున్నారు, దానితోనే నాకు ఉద్యోగమూ వచ్చింది.

బైండు చేసిన థీసిస్ అక్క ఇంటికి తీసుకెళ్లి చూపించాను. "నా మాట యాడుండాది?" అని అడిగింది. పేజీ తీసి, ఇంగ్లీషులో ఉన్న వాక్యాన్ని తెలుగులో చదివాను. నోటి మీద కొంగు పెట్టుకుని నవ్వింది. "నేను సెప్పింది కూసోనియ్యరని. అంతదానికి ఇంత పొడుగు రాసినావా?"

ఆ మిల్లులో స్టూళ్లు వేశారో లేదో నాకు తెలియదు. నా దగ్గర చదువుకుని ఇంకో మిల్లుకు ఆఫీసరుగా వెళ్లిన శిష్యుడొకడు మాత్రం, చేరిన ఏడాదే యంత్రాల పక్కన స్టూళ్లు వేయించానని ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు నాకు కడుపు నిండినట్టయింది. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి, కాసేపు కూర్చుని కళ్లు మూసుకోవడానికి అక్కకూ, తోటివాళ్లకూ ఉన్నది ఆ పాకాల రైలు ప్రయాణం ఒక్కటే. దాన్ని నాకిచ్చారు. ఒకరు తమ విశ్రాంతిలోంచి తీసి ఇచ్చిన కాసేపు, ఇంకొకరికి బతుకంతా సరిపోతుంది.